చంటిపిల్లల తిండీ, పెద్దవాళ్ళ డైటింగూ

ముందే చెప్పేస్తున్నా, ఇది కొంచెం నస. డైటింగు చేస్తూ సాయంత్రం నాలుగయ్యేసరికి సెరెలాక్ డబ్బా మూత తీసేవాళ్ళ గురించి. "అలాంటివాళ్ళు కూడా ఉంటారా?" అని అడక్కండి. ఉన్నారు, బోలెడుమంది. మా ఆఫీసులో నా పక్క క్యూబికల్‌లో ఒకాయన సొరుగులో లాప్‌టాప్ చార్జర్ పక్కనే ఒక డబ్బా, ఒక చెంచా పెట్టుకుంటాడు. అమెరికాలో ఎడిసన్‌లో ఉన్న మా స్నేహితుడొకడు గెర్బర్ సీసాలు డజన్ల లెక్కన కొంటాడు, వాడికింకా పెళ్ళే కాలేదు :) ఇక కోనసీమలో, సముద్రం ఒడ్డున ఓడలరేవులో, మా పెద్దమ్మ వాళ్ళింట్లో మా వదిన అంగన్‌వాడీ వాళ్ళిచ్చిన బాలామృతం పాకెట్టులోంచి రెండు చెంచాలు వేడిపాలల్లో కలుపుకుని, "ఇది చంటిపిల్లల తిండి కదండీ మరిదిగారూ, దీంతో ఒళ్ళు రాదండి, ఆయ్" అంటుంది.

ముగ్గురిదీ ఒకటే వాదన. పసిపిల్లలకి పెట్టేదంటే తేలిగ్గా ఉంటుంది, తేలిగ్గా ఉండేదాంట్లో కేలరీలు తక్కువుంటాయి, కాబట్టి డైటింగుకి భేషుగ్గా ఉంటుంది. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి. ఇందులో మొదటి మాట నిజం. రెండోది అబద్ధం. మూడోది ఆ అబద్ధం మీద కట్టిన మేడ.

అసలీ ఆలోచన ఎక్కణ్ణుంచి ఊడిపడిందో చూద్దాం. 2010లో అమెరికాలో "బేబీ ఫుడ్ డైట్" అని ఒకటి తెగ షికారు చేసింది. హాలీవుడ్ తారలకి వ్యాయామం నేర్పే ట్రేసీ ఆండర్సన్ పేరు మీద ప్రచారమైంది. రోజంతా చంటిపిల్లల గుజ్జు సీసాలు పద్నాలుగు దాకా తినడం, రాత్రికి మాత్రం పెద్దవాళ్ళ భోజనం ఒకపూట చెయ్యడం. అదీ పద్ధతి. అందులో మంచీ చెడూ తర్వాత సంగతి, లెక్క మటుకు అక్కడి సీసాలకి సరిపోతుంది. వాళ్ళ సీసాలో ఉండేదేమిటి? ఉడకబెట్టి మెత్తగా చేసిన కేరట్టు, బఠాణీ, గుమ్మడికాయ. దాదాపు అంతా నీళ్ళే. వంద గ్రాములు పైచిలుకుండే కూరగాయల సీసా మొత్తం నాకేసినా ముప్పై నుంచి యాభై కేలరీలు. పద్నాలుగు సీసాలు తింటే ఆకలితో కళ్ళు తిరుగుతాయేమో గానీ ఒళ్ళు మాత్రం రాదు.

ఆ మాటకొస్తే, పెద్దవాళ్ళకి సీసాల్లో గుజ్జు అమ్మే ప్రయత్నం అంతకుముందే ఒకటి జరిగింది. 1974లో గెర్బర్ వాళ్ళే ఒంటరిగా ఉండే కుర్రకారు కోసమని "గెర్బర్ సింగిల్స్" పేరుతో వంటకాల్ని చంటిపిల్లల సీసాల్లాంటి వాటిల్లోనే పెట్టి బజారులోకి దింపారు. జనం తిప్పికొట్టారు. ఉద్యోగం చేసుకుంటూ ఒంటరిగా బతికేవాడు రాత్రి ఇంటికొచ్చి చంటిపిల్లాడి సీసాలో చెంచా పెట్టి తినాలంటే ఎంత దిగులుగా ఉంటుందో ఆ కంపెనీ ఊహించలేకపోయింది. జనానికి మాత్రం అర్థమయింది.

సరే, అసలు విషయానికొద్దాం. 2010 నాటి ఆ కబురు పత్రికల్లోంచి మన టీవీల్లోకి, అక్కణ్ణుంచి ఫోన్లలోకి వచ్చింది. వచ్చేటప్పుడు "బేబీ ఫుడ్" అన్న పేరు మాత్రమే వచ్చింది, సీసా రాలేదు. మనకి చంటిపిల్లల తిండంటే గుజ్జు కాదు, పొడి. సెరెలాక్ పొడే, బాలామృతం పొడే, మా అమ్మమ్మ విసిరిన ఉగ్గూ పొడే. గుజ్జుకీ పొడికీ తేడా ఏమిటంటారా? నీళ్ళు. అంతే. కానీ కేలరీల లెక్కలో ఆ నీళ్ళే సర్వస్వం.

1999లో అంగారకుడి దగ్గరికి వెళ్ళిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కథ మీకు తెలిసే ఉంటుంది. మా వృత్తిలో అందరికీ చెప్పే కథే. ఒక జట్టు పౌండ్లలో లెక్క కట్టింది, ఇంకో జట్టు న్యూటన్లనుకుంది, నౌక పోయింది. అంకెలు సరైనవే, కొలమానం తప్పు. ఈ డైటింగులోనూ సరిగ్గా అదే బగ్గు ఉంది. కేరట్టు గుజ్జు వంద గ్రాములకి నలభై కేలరీలైతే, సెరెలాక్ లాంటి పొడి వంద గ్రాములకి నాలుగొందలు దాటుతాయి. పదింతలు! డబ్బా మీద రాసే ఉంటుంది. ఎవరూ చదవరు, ఎందుకంటే "చంటిపిల్లలది" అన్న నమ్మకం చదవనివ్వదు. పోల్చుకోవడానికి చెప్తున్నా, మన ఇళ్ళల్లో అందరూ భయపడిపోయే తెల్లన్నం వండాక వంద గ్రాములకి నూట ముప్పై కేలరీలు. డైటింగని అన్నం మానేసి దానికి మూడింతల చిక్కని సరుకు చెంచాలతో తినడాన్ని ఏమనాలి చెప్పండి?

"నేనేమైనా వంద గ్రాములు తింటున్నానా, రెండు చెంచాలేగా" అంటారు. లెక్క కడదాం, ఎవరికీ మొహమాటం లేకుండా. పెద్ద చెంచా గోపురంలా తీస్తే పదిహేను గ్రాములు. రెండు చెంచాలంటే ముప్పై, అంటే నూట ఇరవై కేలరీలు. అది నీళ్ళల్లో కలుపుకునేవాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదు. కోనసీమలో పాలంటే గేదెపాలు. గ్లాసు కాదు, అర గ్లాసు పైన కాస్త, నూటయాభై మిల్లీలీటర్లు అనుకోండి, అదో నూటయాభై. మొత్తం రెండొందల డెబ్భై. రెండు అరటిపళ్ళు తిన్నా అంతుండదు. ఇది "తేలికపాటి చిరుతిండి". ఇది తిన్న గంటకి మళ్ళీ ఆకలేస్తుంది, అది వేరే కథ.

ఆకలెందుకేస్తుందో చెప్పాలంటే మన భాషలో ఒక మాట దగ్గరికి రావాలి. "తేలిక". మనం తేలికైన తిండి అన్నప్పుడు రెండు వేర్వేరు సంగతుల్ని ఒకే మాటలో కుక్కేస్తున్నాం. ఒకటి, తేలిగ్గా అరిగేది. రెండోది, ఒంటికి తక్కువ పట్టేది. జ్వరమొచ్చి తగ్గినవాడికి, పళ్ళు లేని ముసలావిడకి, పళ్ళు రాని పసివాడికి కావలసింది మొదటి తేలిక. డైటింగు చేసేవాడికి కావలసింది రెండోది. ఈ రెండూ ఒకటి కాకపోగా, చాలాసార్లు ఒకదానికొకటి ఎదురు. వేయించి, మెత్తగా దంచి, పంచదార కలిపింది నోట్లో పెడితే కరిగిపోతుంది, కడుపులోనూ నిలవదు. తేలిగ్గా అరిగిందంటే తొందరగా ఆకలవుతుందని అర్థం. చక్కెర పొంగలి కూడా తేలిగ్గానే అరుగుతుందండీ. అది తిని ఎవరూ సన్నబడలేదు.

నములుడు సంగతి చిన్నదిగా చూడకండి. 2009లో అమెరికాలో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక తేలికైన ప్రయోగం చేశారు (ఈ తేలిక మూడో రకం!). భోజనానికి ముందు అదే మనుషులకి ఒకరోజు ఆపిల్ ముక్కలు, ఇంకోరోజు ఆపిల్ గుజ్జు, మరోరోజు రసం ఇచ్చారు. కేలరీలు అన్నింట్లోనూ సమానం. ముక్కలు నమిలి తిన్న రోజు ఆ తర్వాత భోజనం తక్కువ తిన్నారు. గుజ్జు, రసం అంత పని చెయ్యలేదు. అంటే పండు అదే, కేలరీలు అవే, దాన్ని చంటిపిల్లల తిండిగా మార్చిన మరుక్షణం డైటింగుకి పనికొచ్చే గుణం కాస్తా పోయింది. మన పళ్ళు చెయ్యాల్సిన పని మిక్సీకి అప్పగిస్తే, కడుపు నిండిందన్న కబురు మెదడుకి ఆలస్యంగా చేరుతుంది.

ఇంతకీ చంటిపిల్లల పొడి అంత చిక్కగా ఎందుకుంటుంది? కంపెనీల కుట్రా? కాదు. ఇది తెలుసుకోవాల్సిన సంగతి. ఆరు నెలలు నిండాక తల్లిపాలు ఒక్కటే చాలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లకి పాలు కాక రోజుకి రెండొందల కేలరీలు, తొమ్మిది నుంచి పదకొండు నెలలకి మూడొందలు, ఏడాది నుంచి రెండేళ్ళ దాకా ఐదొందల యాభై కావాలి. పొట్ట చూస్తే గుప్పెడంత. పలచటి జావ పోస్తే పొట్ట నిండిపోతుంది, కేలరీలు మాత్రం చేరవు. మన ఇళ్ళల్లో "పిల్లాడు బాగానే తింటున్నాడు గానీ ఒళ్ళు చెయ్యట్లేదు" అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఇదే, గిన్నె నిండా నీళ్ళ జావ. కాబట్టి తక్కువ ముద్దల్లో ఎక్కువ బలం పట్టించాలి. నూనె వెయ్యాలి, పప్పు వెయ్యాలి, పాలపొడి వెయ్యాలి. చంటిపిల్లల తిండి అనే వస్తువుని కనిపెట్టిందే ఒళ్ళు చేయించడానికి. దాని డిజైన్ అది. దాన్ని సన్నబడడానికి వాడటమంటే లిఫ్టెక్కి కిందకి తొక్కుతూ పైకెందుకెళ్తోందని అడగడం.

దీనికి మన తెలుగునేల మీదే పక్కా సాక్ష్యం ఉంది. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి తర్వాత హైదరాబాదుకొచ్చింది. బక్కచిక్కిపోయిన పిల్లల్ని కోలుకునేలా చెయ్యడానికి వాళ్ళు "హైదరాబాద్ మిక్స్" అని ఒక పొడి తయారుచేశారు. వైద్యవిద్యార్థుల పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, వేయించిన శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములు, 330 కేలరీలు, 11 గ్రాముల పైన మాంసకృత్తులు. చూశారుగా, అంతా మన వంటింటి సరుకే. ఖరీదైన మందుల్లేకుండా ఒక బిడ్డని బతికించగల తెలివైన వంటకం. అంగన్‌వాడీల బాలామృతం దానికి దగ్గరి చుట్టమే. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, పంచదార. అదీ వందకి నాలుగొందల చుట్టుపక్కలే ఉంటుంది. ఉండాలి కూడా.

పంచదార మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తా. 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండుకి చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ ఒక నివేదిక బయటపెట్టింది. మన దేశంలో అమ్మే సెరెలాక్ రకాల్లో ఒక్కో విడతకి సగటున మూడు గ్రాములకి కాస్త తక్కువగా అదనపు చక్కెర ఉందనీ, ఐరోపాలో అమ్మేవాటిల్లో లేదనీ దాని సారాంశం. గొడవైంది. అప్పటికే చాలా తగ్గించామని కంపెనీ చెప్పింది, ఆ ఏడాది చివర్లో చక్కెర కలపని రకాలు తెస్తున్నామని ప్రకటించింది. ఐరోపా బిడ్డకి అక్కర్లేని తీపి మన బిడ్డకెందుకని జనం కోప్పడ్డారు, న్యాయమే. నాకు నవ్వొచ్చిందేమిటంటే, "టీలో చక్కెర మానేశా" అని గొప్పగా చెప్పే మా క్యూబికల్ మిత్రుడు ఆ గొడవంతా చదివి కూడా సొరుగులో డబ్బా మార్చలేదు. అదేమిటయ్యా అంటే, "అది పిల్లల గురించి కదా గురూ" అన్నాడు. నిజమే. డబ్బా తెరిచేటప్పుడు పెద్దవాడు, లెక్కకొచ్చేసరికి వేరే ఎవరి గురించో.

ఇక్కడిదాకా చెప్పింది డబ్బున్నవాళ్ళ ముచ్చట. సొరుగులో డబ్బా అయిపోతే ఇంకో డబ్బా కొనుక్కుంటారు. పోయేది వాళ్ళ డబ్బూ వాళ్ళ నడుమూ. నా బాధ అది కాదు. నా బాధ ఓడలరేవు గురించి.

ఓడలరేవు తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. అమలాపురం నుంచి అల్లవరం మండలంలోకి దిగి చివరిదాకా వెళ్తే వచ్చే ఊరు. గోదావరి పాయ వైనతేయ అక్కడే సముద్రంలో కలుస్తుంది. ఒకపక్క వేటకెళ్ళే పడవలు, ఒకపక్క కొబ్బరితోటలు, ఒకపక్క ఓఎన్‌జీసీ వాళ్ళ టెర్మినల్, ఇంజినీరింగు కాలేజీ కుర్రాళ్ళు. అంటే ఒకే ఊళ్ళో వంటిల్లు దాటకుండా పొట్ట తగ్గించుకోవాలనుకునేవాళ్ళూ ఉన్నారు, వల ఖాళీగా వస్తే ఆ పూట ఏం వండాలా అని చూసేవాళ్ళూ ఉన్నారు. ఇది ఓడలరేవు ఒక్కదాని కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు. అదే సర్వేలో, అదే రాష్ట్రంలో, ఆడవాళ్ళలో 36 శాతం మంది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. బక్కపిల్లలు ఒక రాష్ట్రంలో, ఒళ్ళు చేసినవాళ్ళు ఇంకో రాష్ట్రంలో ఉంటే నేను ఇది రాయక్కర్లేదు. ఇద్దరూ ఒకే వీధిలో ఉన్నారు. అప్పుడప్పుడు ఒకే ఇంట్లో, ఒకే పాకెట్టు చుట్టూ ఉన్నారు.

ఆ పాకెట్టు లెక్క చూడండి. బాలామృతం ఏడు నెలల నుంచి మూడేళ్ళలోపు బిడ్డకి నెలకి రెండున్నర కిలోలు. రోజుకి వంద గ్రాములు, పాతిక రోజులకి సరిపడా. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు రోజూ చెరో రెండు చెంచాలు తీశారనుకుందాం, అంటే అరవై గ్రాములు. బిడ్డ వందా, వీళ్ళ అరవై కలిపి రోజుకి నూట అరవై. పాకెట్టు పదహారో రోజుకి ఖాళీ. నెలలో సగం రోజులు బిడ్డకి బాలామృతం లేదు. ఎవరూ దొంగతనం చెయ్యలేదు, ఎవరూ అబద్ధమాడలేదు, "రెండు చెంచాలేగా". దానికి తోడు పెద్దవాళ్ళకి ఆ తిండి వల్ల ఒరిగిందేమిటి? రోజుకి రెండొందల డెబ్భై కేలరీలు అదనం. బిడ్డ తగ్గింది, పెద్దలు పెరిగారు. ఇంత సమర్థంగా రెండువైపులా నష్టం చేసే ప్రోగ్రాము నేను ఇన్నేళ్ళ ఉద్యోగంలో చూళ్ళేదు.

మా వదిన్ని తిట్టడానికి ఇది రాయట్లేదని మనవి. ఆవిడది పదకొండు నెలల బిడ్డ. కాన్పయినప్పటినుంచీ వచ్చినవాళ్ళందరూ "బాగా ఒళ్ళు చేశావమ్మా" అని ఒక మాట విసిరి పోతున్నారు. పెళ్ళిళ్ళకి వెళ్తే అదే, పేరంటానికి వెళ్తే అదే. ఆ మాటలు పడలేక మధ్యాహ్నం అన్నం సగం చేసింది. నాలుగింటికి కడుపులో ఎలకలు పరిగెడతాయి. ఎదురుగా అలమరలో పాకెట్టు. పైగా బిడ్డ సగం ఉమ్మేస్తున్నాడు, గిన్నెలో మిగిలింది పారేయడానికి చెయ్యిరాదు. మనవైపు అన్నం పారేస్తే మహాపాపం. ఇలా మొదలవుతుంది. ఇందులో అత్యాశ లేదు, ఆకలుంది.

కానీ ఆవిడకి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. బిడ్డకి పాలిచ్చే తల్లికి మామూలుకంటే ఎక్కువ తిండి కావాలి. భారత వైద్య పరిశోధన మండలి వాళ్ళ లెక్కలో మొదటి ఆరు నెలలూ రోజుకి ఆరొందల కేలరీలు అదనం, ఆ తర్వాత ఆరు నెలలూ ఐదొందల ఇరవై. ఆవిడ చెయ్యాల్సింది అన్నం సగం చేసి పిల్లాడి పొడి తినడం కాదు. పప్పూ, గుడ్డూ, చేపా వేసుకుని తృప్తిగా తినడం. చేపలకి ఓడలరేవులో కరువా? బాలింతకీ అంగన్‌వాడీలో వేరే వాటా ఉంటుంది, అది కూడా తీసుకోవాలి. ఒళ్ళు సంగతి బిడ్డ నడిచి పరిగెత్తడం మొదలుపెట్టాక వాడి వెనకాల పరిగెడుతూ చూసుకోవచ్చు. మా పెద్దమ్మతో ఇదే అంటే, "ఒరేయ్ అబ్బాయ్, మేం నలుగుర్ని కన్నాం, ఎవరైనా డైటింగులు చేశామా?" అంది. చెయ్యలేదు పెద్దమ్మా. కానీ మీరు బావినీళ్ళు తోడారు, వడ్లు దంచారు, మీ ఒంటిని చూసి వ్యాఖ్యానించే తీరిక ఎవరికీ లేదు.

ఇంకో వాదన ఉంది. "పిల్లాడు తినట్లేదు కాబట్టే మేం తింటున్నాం" అని. దీంట్లో కొంత నిజముంది, దాన్ని కొట్టిపారెయ్యను. రోజూ ఒకే రుచి పెడితే పెద్దవాళ్ళకే మొహం మొత్తుతుంది. కానీ తినకపోతే చెయ్యాల్సింది పాకెట్టు మార్గం మళ్ళించడం కాదు, వండే తీరు మార్చడం. అంగన్‌వాడీ టీచర్లు లడ్డూలు కట్టి చూపిస్తారు, అట్టు పోసి చూపిస్తారు. మగ్గిన అరటిపండు మెదిపి కలపొచ్చు, కోనసీమలో అరటిపండుకి లోటేమిటి. కొంచెం కొంచెంగా నాలుగుసార్లు పెట్టొచ్చు. ఓపిక కావాలి, నిజమే. ఇంట్లో ఓపిక ఎప్పుడూ ఒక్క మనిషి దగ్గరే ఎందుకుండాలి? ఆ నాలుగుసార్లలో రెండుసార్లు నాన్న పెట్టొచ్చు, తాత పెట్టొచ్చు. పిల్లాడు ఉమ్మేస్తున్నాడని ఫిర్యాదు చేసే మా అన్నయ్య ఇప్పటిదాకా ఒక్కసారైనా గిన్నె పట్టుకోగా నేను చూళ్ళేదు.

పాకెట్టు పక్కదారి పట్టడం ఇళ్ళల్లోనే ఆగలేదు. తెలంగాణలో బాలామృతం పశువుల దాణాకి తరలిపోతూ పట్టుబడ్డ వార్తలు పలుమార్లు పేపర్లలో వచ్చాయి. అవి చదివి మనం భగ్గుమంటాం, మన అలమర దగ్గరికొచ్చేసరికి "ఇంట్లోదేగా" అంటాం. గేదె తిన్నా, బాబాయి తిన్నా, ఆ బిడ్డ నోటికి అందనిది అందనిదే. గేదెదే కాస్త నయం, అది డైటింగు కోసమని చెప్పదు.

మరి నాలుగ్గంటల ఆకలికి ఏం చెయ్యాలి? ఇక్కడ నాకు కోనసీమవాళ్ళ మీద నిజంగా కోపమొస్తుంది. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చున్నవాడికి దిక్కులేక డబ్బా తీశాడనుకుందాం. ఓడలరేవులో ఉండి డబ్బా ఏమిటండీ? చెట్టు దింపితే బొండాం. గ్లాసుడు కొబ్బరినీళ్ళంటే నలభై యాభై కేలరీలు (లోపలి లేతకొబ్బరి గీక్కుని తింటే లెక్క మారుతుంది, అదీ గుర్తుంచుకోండి). ఎండాకాలం తాటిముంజలు, వంద గ్రాములకి నలభై చిల్లర. చలికాలం తేగలు, పీచు తీసుకుంటూ నమిలీ నమిలీ దవడలు నొప్పెట్టాలి గానీ ఆకలి మాత్రం మళ్ళీ రాత్రిదాకా తలెత్తదు. జామకాయ ఉంది. కప్పు మరమరాల్లో ఉల్లిపాయ, నిమ్మకాయ పిండుకుంటే అరవై కేలరీలు దాటవు. పల్చటి మజ్జిగ ఉంది. ఒక ఉడకబెట్టిన గుడ్డు డెబ్భై అయిదు కేలరీలు, రెండు గంటలు ఆపుతుంది. మన తాతలు పొద్దున్నే తాగిన తరవాణి పలచనిదే, కావాలనే పలచనిది. పెద్దవాళ్ళకి నీళ్ళెక్కువగా, పసివాళ్ళకి చిక్కగా పెట్టాలన్న ఇంగితం వాళ్ళకి కేలరీ అనే మాట తెలియకుండానే ఉంది. ఉగ్గుగిన్నె వేరు, తరవాణికుండ వేరు. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పోసుకోలేదు.

అలాగని ఉగ్గు పెద్దవాళ్ళెవరూ ముట్టకూడదని కాదు. పళ్ళూడిన ముసలివాళ్ళకి, జ్వరం నుంచి లేచినవాళ్ళకి, బరువు పెరగాల్సిన బక్కప్రాణాలకి అది బ్రహ్మాండమైన తిండి. సెనగపప్పూ గోధుమలూ వేయించి ఇంట్లోనే పట్టించుకోండి, కిలో పట్టిస్తే వాళ్ళకి వారాలొస్తుంది. నేనడిగేది రెండే. సన్నబడడానికి అది తినకండి, ఎందుకంటే దాంతో సన్నబడరు. బిడ్డ పేరు మీద వచ్చింది తినకండి, ఎందుకంటే అది మీది కాదు.

నా మటుకు నాకు ఈ మొత్తం వ్యవహారంలో తేలిందేమిటంటే, డైటింగులో మనం వెతికేది తక్కువ కేలరీల తిండి కాదు, తప్పు చేసినట్టు అనిపించని తీపి. చాక్లెట్టు తింటే తప్పనిపిస్తుంది. జిలేబీ తింటే పక్కింటివాళ్ళు చూస్తారు. పసిపిల్లల డబ్బా మీద పాపం అంటదు. అమాయకత్వం ఆ డబ్బాది కాదు, దాన్ని తినాల్సిన బిడ్డది. దాన్ని అప్పు తెచ్చుకుని మన ముద్దకి పూసుకుంటున్నాం. తీపి తినాలనిపిస్తే ఒక పూతరేకు కొనుక్కుని, పదిమందిలో కూర్చుని, పూతరేకనే పేరుతోనే తినండి. అది ఎప్పటికో ఒకసారి తింటారు, లెక్కా గుర్తుంటుంది.

మా వదినకి ఈ లెక్కంతా కాగితం మీద వేసి చూపించాను. చాలాసేపు చూసింది. "అయితే ఈ పాకెట్టు వీడికి పదిహేను రోజులకే అయిపోయేదానికి కారణం ఇదాండీ?" అని మాత్రం అడిగింది, ఒళ్ళు సంగతి మాటే ఎత్తలేదు. కేలరీల అంకెలకి కదలని మనిషి ఆ పదిహేను రోజుల అంకెకి కదిలింది. అందుకే మీకూ అదే చెప్తున్నా. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో బాలామృతం పాకెట్టు ఉంటే, అది వచ్చిన తారీకు దాని మీద పెన్నుతో రాసి పెట్టండి. ఎన్ని రోజులకి అయిపోతోందో చూడండి. పాతిక రోజులు రావాలి. రాకపోతే ఎవరి నడుం దగ్గరికి చేరుతోందో వెతకడానికి పెద్ద ఇంజినీరింగు చదువేం అక్కర్లేదు :)